రాతపూర్వకంగా ఏమీ రాలేదు

ఖమ్మంలో వైరా రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఇల్లు. ప్రహరీ గోడకు అవతలే నాగలత ఇల్లు, విస్తరాకుల యూనిట్. పొద్దున ఎనిమిదికల్లా మిషన్లు వేడెక్కి, కాలీ కాలని ఆకు వాసన మా వంటింట్లోకి వచ్చేది. పదమూడేళ్లుగా ఇరుగుపొరుగువాళ్లం. ఈ సంగతి ఆమె నాకు ఒకేసారి చెప్పలేదు. నాలుగైదు సార్లుగా, ముందుది వెనక, వెనకది ముందుగా చెప్పింది. నేను వరసలో పెట్టి రాస్తున్నాను.

నాగలత పుట్టిల్లు బోనకల్ దగ్గర. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. భర్తది ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా ఉద్యోగం. ఆమె మాత్రం ఖాళీగా కూర్చోలేని మనిషి. ఒక్క మిషన్‌తో మొదలుపెట్టి ఆరు మిషన్ల దాకా తెచ్చింది. కుట్టిన అడ్డాకులకు వెనక అట్ట పెట్టి, మిషన్‌లో వేడి మీద నొక్కితే గట్టి ప్లేటు అవుతుంది. ఆకు మొదట్లో దళారుల దగ్గర కొనేది. సగం చిరుగులే వచ్చేవి.

అలాంటప్పుడు భద్రాచలంలో ఒక మేళాలో రామక్క కనబడింది. రామక్కది పినపాక మండలంలో అడవి అంచున ఉన్న కోయ ఊరు. యాభై దాటిన మనిషి, చదివింది అయిదో తరగతి. ఊళ్లో పందొమ్మిది మంది ఆడవాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది. అడవికి వెళ్లి అడ్డాకు కోసుకొచ్చి, కల్లంలో ఆరబెట్టి, సన్న పుల్లలతో గుండ్రంగా కుట్టి, వంద చొప్పున కట్టలు కట్టేవాళ్లు. ఆ కట్ట ఒకటి చేతిలోకి తీసుకోగానే నాగలతకు ఇక దళారులు అక్కర్లేదనిపించింది.

ఒప్పందం రాయించడానికి ఇద్దరూ నాగలత లాయరు ఉదయ్ భాస్కర్ ఆఫీసుకు వెళ్లారు. ధర, నాణ్యత, తేదీలు అన్నీ అయ్యాక రామక్క అడిగింది:

"గొడవొస్తే ఏంది?"

"మన మధ్య గొడవెందుకు వస్తుంది రామక్కా" అంది నాగలత.

"రాదనే అనుకుందాం మేడం. వస్తే? ముందుగాల ఇద్దరం సరుకు కాడ కూసోవాలె. సరుకు ముంగట పెట్టుకొని సూడాలె. గప్పటికీ తేలకపోతే పెద్దమనిషిని పిలుద్దాం. గాయన తోని గూడ కాకపోతే గప్పుడు జడ్జి సాబు కాడికి పోదాం. ముందే కోర్టు అంటే మాకు బస్సు కిరాయిలకే సాలదు."

భాస్కర్‌కు ఆ మాట నచ్చింది. పెద్ద కంపెనీల ఒప్పందాల్లో ఉండేది కూడా ఇదేనమ్మా అంటూ టైపు చేయించాడు. ఒకటో మెట్టు: పదిహేను రోజుల్లో సరుకు ఉన్నచోట ఇరుపక్షాలూ కూర్చోవాలి. రెండో మెట్టు: అక్కడ తేలకపోతే రిటైర్డ్ ఫారెస్టు రేంజర్ ప్రభాకర్ గారి మధ్యవర్తిత్వం. ఈ రెండూ అయ్యాకే మూడోది, ఖమ్మంలోనే ఉన్న ఒక రిటైర్డ్ జడ్జి గారి ముందు ఆర్బిట్రేషన్, ఆయన ఇచ్చేదే తీర్పు. ప్రతి మెట్టుకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వాలన్న వాక్యం భాస్కర్ తనంతట తాను చేర్చాడు. చదివి వినిపిస్తే రామక్క తల ఊపి సంతకం పెట్టింది.

రెండు సీజన్లు బాగా నడిచాయి. మూడో ఏడు అక్టోబరులో పెద్ద లోడు వచ్చింది. బెంగళూరులో ఒక కేటరింగ్ సంస్థకు పెళ్లిళ్ల ఆర్డరు. ఆకు కట్టల్ని గోడౌన్‌లో వెనక గోడకు ఆనించి పేర్చారు.

అంతకు నెల ముందే వాచ్‌మన్ కోటేష్ ఆమెకు చెప్పాడు. "అమ్మా, వెనక రేకు పగిలింది. కోతులు దూకినయ్. పట్టా కప్పిస్తే ఆగుతది."

"దసరా పోనీ, చూద్దాం" అంది నాగలత.

దసరా పోయింది. ఆమె మరిచిపోయింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు ముసురు పట్టింది. మిషన్ల మీదికి ఎక్కిద్దామని కట్టలు విప్పితే నల్లటి బూజు, ముక్కు పగిలే కంపు. లోపలి కట్టలు చేత్తో పట్టుకుంటే జారిపోయాయి. బెంగళూరు వాళ్ల గడువు పది రోజులే ఉంది. ఆ కంగారులో, తడి ఆకు పంపారన్న కోపంలో ఆ సాయంత్రమే రామక్కకు ఉత్తరం పంపింది: "మీరు పంపిన ఆకు తేమతో ఉన్నందున మొత్తం సరుకును తిరస్కరిస్తున్నాము."

మర్నాడు ఎండ కాసింది. గోడౌన్‌లోకి వెళ్లేసరికి పగిలిన రేకులోంచి వెలుతురు పడుతోంది. ఆ పగులు దగ్గర్నుంచి నేల దాకా గోడ మీద తలుపంత మరక. బూజు పట్టిన కట్టలన్నీ ఆ మరక కిందవే. కోటేష్ పక్కనే నిలబడ్డాడు. ఆమే అంది: "పట్టా కప్పించు."

ఆ రోజే ఫోన్ చేసి చెప్పి ఉంటే సరిపోయేది. చెబుదామనే అనుకుందట. కానీ బెంగళూరు ఆర్డరు పోయింది. ఇప్పుడు ఈ లోడు డబ్బులు కూడా తనే పెట్టుకోవాలంటే యూనిట్ నడవదని భయం. రెండు రోజులు ఆగి చెబుదామనుకుంది. ఆ రెండు రోజులు దాటాక చెప్పడం ఇంకా కష్టమైంది.

రామక్క ఫోన్ చేసింది. "మేడం, మేం వస్తం. సరుకు సూద్దాం. ఒప్పందంల గట్లనే ఉంది గదా."

నాగలత ఫోన్ పట్టుకుని గబగబా రోడ్డు మీదికి నడిచింది, మిషన్ల చప్పుడు వినపడకుండా. "నేను తిరుపతిలో ఉన్నాను రామక్కా. వచ్చే వారం చేస్తాను."

వచ్చే వారం చేయలేదు. రామక్క ఫోన్లు వస్తుంటే తెర మీద పేరు చూసి పక్కన పెట్టేసేది.

ఒక మధ్యాహ్నం వాళ్లే వచ్చారు. రామక్క, ఆమెతో పాటు ముప్పై ఏళ్ల పూలి. సంఘంలో కల్లం చూసుకునేది పూలి. ఏ ఆకు ఎండింది, ఏది ఇంకో రోజు ఉండాలి అని చెప్పేది ఆమే. పొద్దున్నే మణుగూరులో బస్సెక్కి కొత్తగూడెం మీదుగా ఖమ్మం చేరేసరికి పన్నెండు దాటింది. నాగలత పై గదిలో కిటికీలోంచి చూసి కోటేష్‌కు ఫోన్ చేసింది. "నేను లేనని చెప్పు."

వాళ్లు గేటు పక్క నీడలో నాలుగింటి దాకా కూర్చున్నారు. స్కూలు నుంచి వస్తూ నేనూ చూశాను వాళ్లను. ఎవరి కోసమో వచ్చారనుకుని లోపలికి వెళ్లిపోయాను. కోటేష్ రెండుసార్లు మంచినీళ్లు ఇచ్చాడు. పూలి ఒళ్లో ఒక ఆకు కట్ట ఉంది. వెళ్లేటప్పుడు దాన్ని కోటేష్ చేతికిచ్చింది. "మేడం వస్తే ఇది సూపియ్యి అన్నా. లోడులది, గిది ఒక్కనాడే ఎండినయ్. గలగలమంటయ్ సూడు."

నాగలత ఆ కట్ట విప్పి చూసింది. నిజంగానే గలగలమంది. తర్వాత దాన్ని మిగతా ఆకులో కలిపేసింది. ఆ వారంలోనే బూజు సరుకంతా ఒక ఇటుక బట్టీ వాళ్లు వచ్చి ట్రాక్టర్లో వేసుకుపోయారు. ఇక కూర్చుని చూడటానికి ఏమీ లేదు.

కొన్ని నెలలకు, ఎండాకాలంలో ఆర్బిట్రేషన్ నోటీసు వచ్చింది. లిఖిత అనే యువ లాయరు సంఘం తరఫున ఫీజు తీసుకోకుండా పంపింది. దాన్ని చదివి భాస్కర్ హుషారుగా కుర్చీ వెనక్కి వాల్చాడు.

"మేడం, వీళ్లు మొదటి రెండు మెట్లు వదిలేసి మూడో దాని మీదికి వచ్చారు. కూర్చోలేదు, ప్రభాకర్ గారి దగ్గరికీ వెళ్లలేదు. అసలు విషయంలోకి పోకుండానే ఇది ఆగిపోతుంది."

"వాళ్లు ఒకసారి వచ్చారండీ…" అంది నాగలత.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అది నాకు చెప్పకండి. మీకు రిజిస్టర్డ్ పోస్టులో ఏమైనా వచ్చిందా?"

"లేదు."

"రాతపూర్వకంగా?"

"లేదు."

"చాలు. అడిగినదానికి అంతే చెప్పండి."

విచారణ జడ్జి గారి ఇంట్లోనే, ముందు గదిలో జరిగింది. రామక్క గోడ పక్క కుర్చీలో కూర్చుంది. జడ్జి గారు ఒప్పందం తిరగేసి లిఖితను అడిగారు. "మొదటి రెండు మెట్లు పూర్తయ్యాకే నా దగ్గరికి రావాలని ఇందులో ఉంది. 'రావచ్చు' అని కాదు, 'రావాలి' అని ఉంది. పూర్తయ్యాయా?"

"వీళ్లు ప్రయత్నించారండి. ఫోన్లు చేశారు, అంత దూరం నుంచి గేటు దాకా వచ్చారు. అవతలి పక్షం తప్పించుకుంది. తప్పించుకున్నవాళ్లే ఇప్పుడు కూర్చోలేదని అభ్యంతరం చెబితే ఎలా?"

"తప్పించుకున్నారని తేలితే మీరన్నదే నిజం. అప్పుడు ఈ అభ్యంతరం నేను పట్టించుకోను. ఆధారం ఏముంది?"

లిఖిత ఫోన్ కాల్స్ జాబితా ఇచ్చింది. పదకొండు కాల్స్. ఎత్తింది ఒక్కటే. ఆయన చూసి, "ఏం మాట్లాడారో ఇందులో ఉండదు కదమ్మా" అన్నారు. అప్పుడు నాగలత వైపు తిరిగారు.

"మీరు చెప్పండి. సరుకు దగ్గర కూర్చుందామని వీళ్లు మిమ్మల్ని అడిగారా?"

"నాకు రాతపూర్వకంగా ఏమీ రాలేదండి."

ఆయన కలం పట్టుకుని కాసేపు ఆగారు, ఇంకా ఏమైనా చెబుతుందేమోనని. నాగలత బల్ల అద్దం కింద ఉన్న పిల్లల ఫోటోలు చూస్తూ ఉండిపోయింది. రామక్క తననే చూస్తోందని తల తిప్పకుండానే తెలుసు. ఆయన రాసుకున్నారు.

ఉత్తర్వు రెండు పేజీలు. మెట్లు పూర్తయినట్టు రుజువు లేదు కనుక ఈ వివాదం ఇప్పుడు వినలేను. నోటీసు ఇచ్చి, కూర్చుని, తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లి, ఆ తర్వాత రావచ్చు. "నీ హక్కు పోలేదమ్మా. వరస తప్పింది, అంతే" అని రామక్కకు మెల్లిగా చెప్పారు.

బయట మెట్ల దగ్గర రామక్క నాగలతను ఆపింది. "నోటీసు గిట్ల పంపుతం మేడం. సరుకు ఉన్నదా, కూసొని సూసేటందుకు?"

నాగలత నోరు తెరిచేలోపే భాస్కర్ అన్నాడు: "ఏదున్నా మీ లాయరు ద్వారా అడగండమ్మా."

వాళ్ల నోటీసు రాలేదు. సరుకే లేదని కోటేష్ నుంచో ఇంకెవరి నుంచో తెలిసి ఉంటుంది. సంఘంలో ఆడవాళ్లు ఇక బస్సు కిరాయిలు పెట్టుకోలేమన్నారట. ఆ ఏడు ఆకు కూడా కోయలేదు. ఇదంతా నాగలతకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆమె రేకులన్నీ మార్పించి, గోడకు సున్నం వేయించి, పనిలో పడింది. కోటేష్ మునుపటిలా మాట్లాడటం మానేశాడు. పిలిస్తే పలికేవాడు, అంతే.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పుట్టింటికి వెళ్లింది. తమ్ముడు నానికి అయిదెకరాల మిర్చి తోట. కోతలకు ఏజెన్సీ ఊళ్ల నుంచి కూలీలు వచ్చి తోట పక్కనే పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. ఎర్రటి కాయ కల్లంలో పరిచి ఉంది. గట్టు మీద నడుస్తుంటే ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకామె నడుముకు ఉన్న సంచి విప్పి పక్కన పెట్టి, నాగలత దగ్గరికి వచ్చింది.

"బాగున్నవా అమ్మా? గుర్తు పట్టలే గదా. పూలిని. రామక్కోళ్ల ఊరు. లోడు తోని మీ కాడికి వచ్చిన."

నాగలత గట్టు మీదే ఆగింది. పూలి ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. కళ్లు మిర్చి ఘాటుకు ఎర్రగా ఉన్నాయి.

"నా మీద కోపం పెట్టుకోకమ్మా. కల్లంల ఆకు సూసేది నేనే. ఎండినయ్ అనుకొనే కట్టలు కట్టిచ్చిన. నువ్వు తడి ఆకని కాయితం పంపినంక అందరు నన్నే అన్నరు. నీకు గూడ మస్తు నష్టమైందంట. ఎన్నడన్న కనబడితే చెప్పాలె అనుకున్న. కావాలని చెయ్యలేదమ్మా."

"ఇక్కడికి ఎప్పుడొచ్చావు?" అంది నాగలత.

"సంక్రాంతి దాటినంక. సంఘంల ఉండొద్దన్నరు గదా. మా ఆయన గూడ, నీ వల్లనే అందరి కూలి పాయె అని ఒకటే తిట్టుడు. గందుకే గిటు వచ్చిన." తనే నవ్వి, "పోతనమ్మా, మేస్త్రీ సూస్తుండు" అని తిరిగి చాళ్లలోకి వెళ్లిపోయింది.

మరదలు అన్నానికి పిలిస్తే తలనొప్పి అని చెప్పి నాగలత ఖమ్మం వచ్చేసింది. అప్పటిదాకా ఆమె లెక్కలో నష్టపోయింది ఒక సంఘం, ఒక లోడు. ఎప్పుడో ఒకప్పుడు ఏదో విధంగా సర్దవచ్చు అనుకుంది. తను రాసిన ఒక వాక్యం ఊళ్లో ఎవరి నెత్తిన పడి ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అయినా వెంటనే కదల్లేదు. ఇంకో మూడు వారాలు గడిపింది. రోజూ ఏదో పని అడ్డం పెట్టుకుంది. అన్నిటికంటే ఆ మూడు వారాల సంగతే ఆమె నాకు ఆఖరున చెప్పింది. "పూలి అంత చెప్పాక కూడా నేను ఇంకా ఆగాను టీచర్ గారూ. ఆమె ఎండలో మిర్చి కోస్తోందని తెలిసి కూడా."

చివరికి భాస్కర్ దగ్గరికి వెళ్లింది. "ఆకు తడిది కాదండి. మా రేకు పగిలింది. నాకు మర్నాడే తెలుసు. వాళ్లు వచ్చినప్పుడు నేను లోపలే ఉన్నాను."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అవతలివాళ్లు వదిలేసిన కేసు మేడం. ఇప్పుడెందుకు?"

"ఒకటో మెట్టు నోటీసు నేనే ఇస్తాను. కూర్చుందాం రమ్మని. రాయండి."

రాశాడు. చివర్లో 'బాధ్యతను అంగీకరించకుండా' అని ఒక మాట చేర్చాడు, అది మామూలుగా చేర్చేదే. నాగలత ఆయన కలమే తీసుకుని ఆ మాట కొట్టేసింది. ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో రామక్క పేరిట వెళ్లింది. పదో రోజున రామక్క ఫోన్ చేసి తేదీ చెప్పింది. "మా ఊరికే రా" అంది. మేడం అనలేదు.

మార్చి నెల. అడవిలో ఇప్ప పువ్వు రాలుతోంది. పొద్దుటి పువ్వు ఏరుకొచ్చి ఆడవాళ్లు మధ్యాహ్నానికి కల్లం దగ్గర చేరారు. పందొమ్మిది మందిలో పదకొండు మందే వచ్చారు. మిగిలినవాళ్లు కూలికి పోయారు. రామక్క కబురు పెడితే పూలి మిర్చి తోట నుంచి వచ్చి ఒక చివర కూర్చుంది. నాగలత వెంట కోటేష్ వచ్చాడు. రమ్మని ఆమె అడగలేదు. తనే వస్తానన్నాడు.

"సరుకు కాడ కూసోవాలె అనుకున్నం. సరుకైతే లేదు" అంది రామక్క. "ఇగ నువ్వే చెప్పు."

నాగలత చెప్పింది. రేకు గురించి, గోడ మీద మరక గురించి, తిరుపతి అబద్ధం గురించి, పూలి ఇచ్చిన కట్ట గురించి, ఇటుక బట్టీ గురించి. తెలుగు అంతగా రాని ముసలమ్మలకు రామక్క ఒక్కొక్క మాటా కోయలో చెప్పింది. మధ్యలో కోటేష్ లేచి, "రేకు సంగతి నేను ముందే చెప్పిన. తర్వాత నేను గూడ నోరు మూసుకున్న" అన్నాడు.

రామక్క అడిగింది:

"గేటు కాడ కూసున్ననాడు నువ్వు లోపలనే ఉన్నవన్నమాట."

"అవును."

"మమ్ముల సూసినవా?"

"కిటికీలోంచి చూశాను."

"నాలుగింటి దాక?"

"నాలుగింటి దాకా."

రామక్క తల పక్కకు తిప్పుకుంది. ఒక ముసలమ్మ కోయలో ఏదో గట్టిగా అంది. అది తనను తిట్టడమే అని నాగలతకు అర్థమైంది, ఎవరూ తెలుగులో చెప్పలేదు. ఆమె పూలి వైపు తిరిగి చేతులు జోడించబోయింది. పూలి వద్దన్నట్టు తల ఊపింది.

"నేను తడి ఆకు పెట్టలేదని మొదట్ల అందరికి చెప్పిన" అంది పూలి, కల్లం నేల వైపు చూస్తూ. "ఎవ్వరు ఇనలే. అట్లనే చెప్పి చెప్పి, తర్వాత నాకే అనుమానం వచ్చింది. ఏమో, ఆ దినం నేనే సరిగ్గ సూడలేదేమో అని. మిర్చి తోటల నీకు చెప్పింది ఉత్తగ చెప్పలే అమ్మా. నిజంగనే నా తప్పనుకొని చెప్పిన."

రాజీ కాగితం రామక్క ఇంటి అరుగు మీద రాశారు. ప్రభాకర్ గారిని సాక్షిగా పిలిచారు. లోడు డబ్బు మొత్తం, పోయిన సీజన్‌కు కూలి, బస్సు కిరాయిలు. నాగలత దేనికీ బేరం ఆడలేదు. ఆ డబ్బు కోసం తర్వాత రెండు మిషన్లు అమ్మింది. రామక్క పెట్టిన షరతు ఒక్కటే: డబ్బు మాట కంటే ముందు, మొదటి వాక్యంలో ఆకు ఎండిందేనని, కల్లం చూసిన పూలి తప్పేమీ లేదని రాయాలి. ప్రభాకర్ గారు రాసి చదివారు. రామక్క ఇంకోసారి చదవమంది. ఆ రెండోసారి పూలి వినలేదు. సాయంత్రం కూలీల బండి వెళ్లిపోతుందని అప్పటికే బయల్దేరింది. సంఘంలోకి మళ్లీ రమ్మని ఆడవాళ్లు పిలిస్తే, "సూస్తా" అని మాత్రం అందట.

సంఘం ఇప్పుడు మళ్లీ నడుస్తోంది. పన్నెండు మంది ఉన్నారు. ఆకు వరంగల్‌లో వేరే వాళ్లకు అమ్ముతున్నారు. కల్లం ఇంకొకామె చూస్తోంది. నాగలత దళారుల దగ్గరే కొంటోంది.

మొన్న గోడ మీదుగా మాట్లాడుకుంటూ ఉంటే అడిగాను, పూలి క్షమించిందా అని.

"నేను అడగలేదు టీచర్ గారూ" అంది. "అడిగితే, పోనీలే అమ్మా అంటుంది. అలా అనేస్తుందనే అడగలేదు."